పెళ్లికూతురి నూనె

...అయినా వేర్వేరు గాలిమరల నూనె ఒకే రంగులో ఎలా ఉంటుంది, అనుకుంది ఆమె టీ వడగడుతూ. ఒకటి గాలికి ఎదురొడ్డి పగలూ రాత్రీ తిరుగుతుంది, ఇంకొకటి సగం రోజులు నిద్రపోతుంది. వాటి గేర్‌బాక్సుల్లో నూనె ఎక్కడికక్కడ తన తీరున ముసలిదవుతుంది. నల్లబడుతుంది, పులుస్తుంది, పలచని పొరగా నిలిచి ఇనుమును ఇనుము తాకకుండా కాపాడే శక్తిని పోగొట్టుకుంటుంది. కానీ ఆమె నూనె పరీక్షించే ల్యాబ్‌కు వచ్చే సీసాలన్నీ కవలపిల్లలే. తేనె రంగు, మచ్చలేని ఒళ్లు.

అలా ఎందుకు వస్తాయో ఆమెకు తెలుసు. ఆ సీసాలు నింపించే సూపర్‌వైజరు ఆమె భర్తే. అక్కడి గాలిమరల్లో లిఫ్టు పనిచేసేది ఒక్కదానికే. పైవాళ్లు చూడటానికి వస్తే దాన్నే చూపిస్తారు కనుక దానికి రంగు వేస్తారు, నూనె మారుస్తారు, తుడిచి ఉంచుతారు. పనివాళ్లు దానికి పెళ్లికూతురని పేరు పెట్టారు. మిగతావాటిలో పైనున్న గేర్‌బాక్సు దాకా చేరాలంటే నిచ్చెన ఎక్కాలి. అంత ఆయాసం ఎవరికి కావాలి? సీసాలన్నీ పెళ్లికూతురి దగ్గరే నింపి, ఒక్కో గాలిమర పేరున ఒక్కో చీటీ అంటిస్తారు. ఒకరి నెత్తురు పరీక్షించి వీధి వీధంతా ఆరోగ్యంగా ఉందని చాటింపు వేయడమన్నమాట. ఇలాంటి వైద్యం గాలిమరల దగ్గర మాత్రమే జరుగుతుందని నమ్మే పాఠకులుంటే, వారి అమాయకత్వానికి ఒక నమస్కారం.

భర్త టీని సాసర్లో ఒంపుకొని ఊదుతున్నాడు. ముందుకు సాగిన ఆ పెదవులను చూస్తే ఆమెకు రోత పుట్టింది. ఆ రోతలో ఒక సుఖం కూడా ఉంది. అతన్ని చీదరించుకుంటున్నంతసేపు తాను శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

మరిది బూట్లు చేత్తో పట్టుకొని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అన్న కిందే మెకానిక్కు అతను.

"వదినా, నాకేమైనా మిగిలిందా, మొత్తం అన్నయ్య సాసర్లోకే పోయిందా?"

"ఉందిలే. ఇంత పొద్దున్నే ఎక్కడికి?"

"చివరి గాలిమరకి. గేర్‌బాక్సు బేరింగు వేడెక్కుతోందని అలారం. ఊరికే మొత్తుకుంటోంది."

"వేడీ లేదు, పాడూ లేదు," అన్నాడు భర్త. "సెన్సరు పోయింది. వీడెక్కి కొత్తది పెట్టి, పక్కనే నిలబడి ఒకసారి తిప్పించి చూస్తాడు. అంతే."

"సెన్సరే పోయిందని ఎవరు చెప్పారు?"

"నువ్వే! నూనె భేషుగ్గా ఉందని రాసిచ్చింది నువ్వు కాదూ? నూనె బాగుంటే బేరింగెందుకు కాలుతుంది? ఆఫీసులో అందరూ అదే మాట."

"మా వదిన సంతకమంటే శిలాశాసనం," అంటూ మరిది బూటులో కాలు దూర్చాడు.

ఆమె టీ గిన్నె పక్కన పెట్టింది. ఆ యంత్రం ఒక్కటే నిజం చెబుతోంది. ఆమె సంతకం దాని నోరు నొక్కింది. పైన ఉన్నది ఇరుకు గది, అందులో కాలుతున్న ఇనుము, చచ్చిన నూనె. నిప్పంటుకుంటే దిగడానికి ఒకే నిచ్చెన.

"ఆ సీసా నిజంగా చివరి గాలిమరదేనా?" అని, అతని నోటే వినాలని భర్తను అడిగింది.

"పొద్దున్నే మొదలెట్టకు. సీసా చూస్తే నీకు తెలీదా? తెలిసే పెట్టావుగా సంతకం. నువ్వూ నేనూ ఒకే తానులో ముక్కలం."

మరిది లేసు కట్టడం ఆపేశాడు. "అంటే ఏంటన్నయ్యా? ఆ నూనె..."

"నువ్వు నోరు మూసుకుని టీ తాగు."

భర్త చెప్పినదాంట్లో అబద్ధం లేదు. జీవితంలో మొదటిసారి అతను నిజం పలికాడు, అదీ సిగ్గులేకుండా. ఇన్నాళ్లూ అతనిపై మోపిన రోత ఇప్పుడు తిరిగి తన ఇంటికే వచ్చి కూర్చున్నట్టు ఆమెకు తోచింది. అతను బద్ధకస్తుడు, నిచ్చెన ఎక్కలేకపోయాడు. తనకైతే ఎక్కాల్సిన నిచ్చెన కూడా లేదు. రిపోర్టులో 'ఈ నూనె దానిది కాదు' అని ఒక్క మాట రాస్తే చాలు. ఇంట్లో గొడవ ఎందుకని అది కూడా రాయలేదు.

ఆమె ఫోను తీసింది. భర్త సాసరు దించాడు.

"పిచ్చా నీకు? ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి."

"ఊడనీ. తప్పు చేసేవాణ్ణి లోలోపల అసహ్యించుకుంటూ, పైకి వాడి తప్పు మీద ముద్ర కొట్టేవాళ్లున్నారే, వాళ్లు వాడికంటే హీనం. మనుషులు చచ్చేది వాళ్ల వల్లే."

అవతల కంట్రోల్ రూములో ఎవరో ఎత్తారు.

"చివరి గాలిమరను తిప్పకండి. ఎవర్నీ ఎక్కించకండి. నేనిచ్చిన రిపోర్టు ఆ నూనెది కాదు."

ఎవరు మాట్లాడుతున్నారని అవతలి గొంతు విసుగ్గా అడిగింది.

ఆమె తన పేరు చెప్పింది.