కుడికి లాగుతున్న బండి

కాటా మేస్త్రి బండి కుడికి లాగడం మొదలుపెట్టింది వానలు వెలిసిన రోజుల్లో.

అది పాత మోటారు సైకిలు. దానికి ఎడమ పక్కన సైడుకారు. ఇంట్లో దాన్ని తొట్టి అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ తొట్టిలో ఆయన భార్య కూర్చుంటోంది. పొద్దున్నే ఆమెను బట్టలు కుట్టే షెడ్డు దగ్గర దించి, దుకాణాల్లో కాటాలు సరిచేసే తన పనికి వెళ్తాడాయన. బండి తీసే ముందు హ్యాండిలు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు.

"అంతసేపు ఏం అడుగుతారండీ ఆయన్ని?" అనేది ఆమె.

"నీ నోటికి కాస్త విశ్రాంతి ఇమ్మని."

"ఇన్నేళ్ళుగా వినలేదంటే ఆయన నా పక్షమే!"

తొట్టి బండి తోలడం అందరికీ చేతకాదు. తొట్టిలో మనిషి కూర్చుంటే ఆ బరువుకు బండి ఎడమకు గుంజుతుంది. అందుకని తొట్టికీ బండికీ మధ్యనున్న పై రాడ్డు మరను తిప్పి, బండి పిసరంత కుడికి ఒరిగేలా బిగిస్తారు. ఎంత ఒరగాలన్నది కూర్చునే మనిషిని బట్టి ఉంటుంది. చెప్పు ఎవరి కాలికి వాళ్ళదే అన్నట్టు, ఆ బండి ఆమె బరువుకే బిగించింది. నిండైన మనిషి. తిన్నని రోడ్డు మీద హ్యాండిలు వదిలేసినా బండి గీత గీసినట్టు పోయేది.

అలాంటిది ఒకనాడు ఆయన మణికట్టును కుడికి గుంజింది. టైర్లలో గాలి చూశాడు. తొట్టి చక్రం విప్పి, బేరింగు కడిగి, కొత్త గ్రీజు పెట్టాడు. చక్రాల పక్కన రెండు చెక్కపట్టీలు పరిచి, ముందొకసారి, వెనకొకసారి టేపుతో కొలిచాడు. ఎక్కడా తేడా లేదు. చివరికి పై రాడ్డు మరను అర చుట్టు తిప్పాడు. బండి మళ్ళీ తిన్నగా పోయింది.

"చూశావా, నా చెయ్యి!" అన్నాడు.

"చూశాన్లెండి. ఆ చేతికి బంగారు కడియం తొడగాలి" అంది ఆమె, ముందుకు చూస్తూ.

మూడు నాలుగు వారాలకు మళ్ళీ లాగింది. మళ్ళీ అర చుట్టు. అలా ఎండలు ముదిరేలోగా ఐదుసార్లు. సరిచేసిన ప్రతిసారీ ఆయన ఆ సాయంత్రమంతా ఈల వేస్తూ తిరిగేవాడు.

ఆరోసారి మాత్రం భయం వేసింది. ఎడమకు మలుపు తిరుగుతుంటే తొట్టి చక్రం జానెడు గాల్లోకి లేచింది. ఆమె అంచు పట్టుకుని కూర్చుంది కానీ కేక కూడా వెయ్యలేదు. ఆయన తిన్నగా బావమరిది మరమ్మతు షెడ్డుకు పోనిచ్చాడు.

"ఏం బావా, ఊళ్ళో కాటాలన్నీ సరిచేసి సొంత బండి తూకం తప్పించావా?"

"నువ్వు వేసిన రాడ్డే కదరా. నీలాగే వంకర."

బావమరిది నవ్వుతూ కింద కూర్చుని రాడ్డు చివర గుడ్డతో తుడిచాడు. మరలో కొంత భాగం తుప్పు పట్టి ఉంది. కొంత కొత్తగా మెరుస్తోంది. మెరుస్తున్నంత మేరా వేలితో తడిమాడు.

"ఎన్నిసార్లు తిప్పావు?"

"ఐదుసార్లు."

"అన్నిసార్లూ ఒకే వైపు?"

"ఒకే వైపు."

బావమరిది నవ్వు ఆగిపోయింది. "బావా, రాడ్డు వంగలేదు. ఫ్రేము పగల్లేదు. బండికి ఏ రోగమూ లేదు." అని, తొట్టిలో కూర్చున్న అక్క వైపు చూశాడు. "ఎప్పట్నుంచక్కా?"

ఆమె భుజం మీది గుడ్డ సర్దుకుంది.

బావమరిది రాడ్డును తిరిగి పాత తుప్పు గీత దగ్గరికి తెచ్చి బిగించాడు. "నీ రాళ్ళ పెట్టె ఇవ్వు" అన్నాడు. కాటాలు పరీక్షించడానికి మేస్త్రి మోసుకు తిరిగే ఇనప తూకపు రాళ్ళవి. ఐదు కిలోల రాయి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి వీధి చివరిదాకా తోలించాడు. లాగింది. ఇంకో ఐదు పెట్టాడు. కొంచెం తగ్గింది. రెండు, ఆపైన మరో రెండు. అప్పుడు బండి గీత గీసినట్టు పోయింది.

పద్నాలుగు కిలోలు.

ఇంట్లో ఆమె కుట్టు మిషను ముందు కూర్చుని మెల్లగా చెప్పింది. తిండి సహించక ఏడాది కావస్తోందట. ఒళ్ళు తగ్గినప్పుడల్లా, తన షెడ్డుకు సెలవున్న రోజుల్లో, ఆయన పనికి పోయాక, తన బట్టల కుట్లన్నీ తనే విప్పి లోపలికి కుట్టుకునేదట. ఏ గుడ్డా వదులుగా వేలాడకపోతే ఎవరికి తెలుస్తుంది?

"నాతో ఒక్క మాట అనకూడదూ?"

"అందామనే అనుకున్నానండీ. మీరు బండి సరిచేసి అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. దేవుడితో మాత్రం చెప్పుకుంటూనే ఉన్నాను."

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు చూసింది. "ముందే రావలసింది" అంది. వారానికోసారి రమ్మంది. ఒళ్ళు చేస్తే మందులు పని చేసినట్టు, లేకపోతే లేనట్టు అంది.

ఆ మర్నాడు హ్యాండిలు మీద చెయ్యి వేసి మేస్త్రి చాలాసేపు నిలబడ్డాడు. దుకాణంలో చిటికెడు తేడా కూడా పట్టుకునే చెయ్యి ఇచ్చావు. ఆ చేతికే తేడా తెలియజెప్పావు కూడా, ఐదుసార్లు. మరి అర్థమయ్యే బుద్ధి ఆ పక్కనే ఎందుకు పెట్టలేదు స్వామీ? నిన్ను తప్పుపట్టడం లేదు. అడుగుతున్నానంతే.

రాడ్డు జోలికి మాత్రం ఆయన మళ్ళీ వెళ్ళలేదు. పాత గీత దగ్గరే ఉంచాడు. ఆసుపత్రికి పోతున్నంతసేపూ బండి కుడికి గుంజేది. రెండు చేతులతో బిగబట్టి, మలుపుల దగ్గర నడకంత నెమ్మదిగా తోలేవాడు. ఇంటికి వచ్చేసరికి భుజాలు దిగిపోయేవి.

"ఒక్క అర చుట్టు తిప్పుకోవచ్చు కదండీ" అంది ఆమె.

"తిప్పను. నువ్వు తిను. అదే సర్దుకుంటుంది."

ఆమె తిన్నది. ఆయన కోసం తిన్నది. తిన్నది నిలవలేదు.

ఆరో వారం బయల్దేరేటప్పుడు ఆమె అప్పటికే తొట్టిలో కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద దుప్పటి. కొంతదూరం పోయాక మేస్త్రికి చేతుల్లో పట్టు తేలికైనట్టు తోచింది. ఒక్క క్షణం ఆశ పుట్టింది. పక్కకు చూశాడు. దుప్పటి కింద, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఆమె ఒళ్ళో ఏదో పొదివి పట్టుకుంది. అంచున ఇనప పిడి కనబడింది. పది కిలోల రాయి. ఆ చేతులతో పెట్టెలోంచి ఎలా ఎత్తిందో.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండీ?" అంది.

తూకం విషయంలో ఆయన జన్మలో అబద్ధమాడి ఎరగడు.

"సరిగ్గా ఉంది" అన్నాడు.

ఇంకా ఎనిమిది కిలోలు తక్కువని ఆయన మణికట్టు చెబుతూనే ఉంది.