మీటరు పలకనప్పుడు

రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో కంప్యూటరు పెట్టినప్పటి నుంచీ సత్యవతికి గుండెలో గుబులే. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో రాటకు కట్టిన మీటరు చూస్తుందట. వైరు లేకుండా బ్లూటూత్‌లో కంప్యూటరుకు చెబుతుందట. తగ్గితే గంట మోగుతుందట. కూతురు హరిణి రాసిన ప్రోగ్రాం అది. ఆ రెండింటికీ మాట కలిపే కోడ్‌ను ఎవరో ముందే రాసి అందరికీ ఊరికే ఇచ్చారట, దాన్నే లైబ్రరీ అంటారట.

"ఊరూ పేరూ తెలియనివాళ్లు రాసినదాన్ని నమ్మి రొయ్యల్ని వదిలేస్తావుటే?"

"నువ్వెక్కే బస్సు డ్రైవరు పేరు తెలుసా అమ్మా?"

"అందుకే కైకలూరు దాకా వెళ్లినా ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చుంటాను."

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మింది. మబ్బు పడితే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది. అయినా గంట ఉందన్న ధైర్యంతో భర్త గంగాధరరావు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపే ఉంచాడు. తెర మీద ఆక్సిజన్ అంకె ఐదున్నర. ఎంతసేపు చూసినా ఐదున్నరే.

"ఆ అంకె కదలదేమిటే?"

"బాగుందని అర్థం."

సత్యవతికి కాలు నిలవలేదు. గట్టు మీదికి పరుగెత్తింది. రొయ్యలు అంచుకు చేరి గాలి కోసం పైకి తేలుతున్నాయి.

"ఏవండీ! రొయ్యలు తేలిపోతున్నాయండీ!"

గంగాధరరావు స్విచ్చులన్నీ వేశాడు. చక్రాలు తిరిగి నీళ్లు చిమ్మాయి. రొయ్యలు మెల్లగా అడుగుకు దిగాయి.

అప్పుడు చూసింది హరిణి. మీటరు పెట్టె మీద స్టీలు తపేలా బోర్లించి ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనేనే. చినుకులు పడుతుంటే తడిసి పాడవుతుందేమోనని..."

"స్టీలు అడ్డొస్తే దాని మాట బయటికి రాదమ్మా!"

"మీ అమ్మ జాగ్రత్తకో దండం" అన్నాడు గంగాధరరావు.

సత్యవతి ముఖం మాడిపోయింది. తపేలా తీసి చంకన పెట్టుకుంది.

"సరే, నాదే తప్పు. మరి అది పలకడం మానేస్తే నీ కంప్యూటరుకు బెంగ పుట్టదా? గూడెం కాలేజీలో నువ్వు ఫోనెత్తకపోతే, పొద్దున్న బాగానే మాట్లాడింది కదా అని నేను ఊరుకున్నానా?"

"ప్రిన్సిపాల్‌గారికే ఫోన్ చేశావు" అని నవ్వాడు గంగాధరరావు.

హరిణి మాత్రం నవ్వలేదు. "మాట తెగిందని లైబ్రరీ చెబుతూనే ఉందమ్మా. ఆ కబురు నేనే పట్టించుకోలేదు. పాత అంకెనే తెర మీద ఉంచేశాను."

షెడ్డులోకి వెళ్లి రాయడం మొదలుపెట్టింది. "ఇకనుంచి మీటరు పలకకపోయినా గంట మోగుతుంది."

"మరి కరెంటు పోతే?"

హరిణి చేతులు ఆగాయి.

"మీటరుకు నాచు పట్టి తప్పు అంకె చెబితే? ఆ కంప్యూటరే చెడిపోతే?"

"నెమ్మది అమ్మా, ఒక్కొక్కటే చెప్పు."

సత్యవతి స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.