పోలిక ఊరు

కొండ మీది ఊరికి సోలార్ దీపాలిచ్చారు. కొండ కింద ఉన్న మాకు ఇవ్వలేదు. ఎందుకయ్యా అంటే, దీపాలవల్ల మనుషులు ఎంత బాగుపడ్డారో తేలాలంటే పక్కనే బాగుపడనివాళ్లు కూడా ఉండాలట. ఆ ఉద్యోగం మాకిచ్చారు. లెక్కలు రాసుకునే జవాద్ ఏటా రాజధాని రబాత్ నుంచి వచ్చి, మేమెంత వెనకబడి ఉన్నామో అడిగి, సంతోషంగా వెళ్లేవాడు.

ఇంతలో మావాడు హమ్మూ కొండ మీది పిల్లను చేసుకుంటానన్నాడు. పేరు తూదా, కంబళ్లు నేస్తుంది. "చీకట్లో నేయలేను. నా దీపంతోనే వస్తా, లేదంటే రాను" అని కబురంపింది. పెళ్లికూతురు తన సామాను తెచ్చుకోవడం మాకు మామూలే కదా, సరే అన్నాను.

జవాద్ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఆ దీపం మీ ఊళ్లోకొస్తే నా పోలిక చెడిపోతుంది. పెళ్లి రెండేళ్లు ఆపండి."

"నీ లెక్కలు తగలెయ్య! అందాకా నా కొడుకు ఎండిపోవాలా?"

"పోనీ మీవాణ్ణే ఇల్లరికం పంపండి."

"అప్పుడు చెడదా?"

తల గోక్కున్నాడు. "అప్పుడూ చెడుతుంది. మీ లెక్కలో మనిషి వాళ్ల లెక్కలో పడతాడు."

"అయితే టీ తాగి పో నాయనా."

తూదా దీపాన్ని ఒళ్లో పెట్టుకుని కంచరగాడిద మీద దిగింది. పొద్దస్తమానం అత్తాకోడళ్లిద్దరం నోరు చేసుకునేవాళ్లం. చీకటి పడితే వీధిలో పిల్లలంతా మా ఇంట్లోనే పుస్తకాలు పరిచేవాళ్లు. తూదా మగ్గం చప్పుడు వినకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

మరుసటేడు జవాద్ రెండూళ్ల పిల్లల చేతా చదివించాడు. ఇక్కడా గడగడా చదివారు, అక్కడా గడగడా చదివారు. అతను పిట్టగోడ మీద కూలబడ్డాడు.

"రెండూళ్లూ సమానమే. అంటే దీపాలవల్ల ఒరిగిందేమీ లేదు."

"ఓరి నాయనా, మా ఊళ్లోనూ దీపముందిరా!"

"మీది దీపం లేని ఊరు కదమ్మా. మేం అలాగే రాసుకున్నాం."

వేరే దేశంలోనైనా పనికొస్తాయేమో చూస్తామని దీపాలన్నీ పట్టుకుపోయారు. తూదా దీపం కూడా.

ఆ సాయంత్రం ఆమె మూట కట్టింది. ఇంత నోరున్న నాకు "ఉండవే" అనే ఒక్క మాట రాలేదు. గడపలో నిలబడి పుట్టింటి వైపు చూసింది. కొండ మీద ఒక్క వెలుగూ లేదు. మూట కింద పెట్టింది.

"అక్కడా చీకటే, ఇక్కడా చీకటే అత్తా. ఇక్కడైతే తిట్టడానికి నువ్వన్నా ఉన్నావు."

ముందు ఏడ్చాను. తరవాత తిట్టాను.