పోటంటే పోయేది

పుస్తకాలు అచ్చుకు వెళ్ళే ముందు వాటిలో తప్పులు దిద్దడమే ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. శుభలేఖ చేతికిస్తే పెళ్ళెవరిదో చూడకముందే అచ్చుతప్పు చూసే రకం. పొరపాటున కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే ‘అలాగే ఉంచండి’ అని అర్థం. ఇన్నేళ్ళలో ఆ చుక్కలతో ఆయనకు పెద్దగా పని పడలేదు. కొట్టేశాడంటే కొట్టేసినట్టే.

అలాంటి మనిషి నలభై ఆరో ఏట వీపుకు సంచీ తగిలించుకుని, ఒంటరిగా సముద్రం చూడటానికి బయల్దేరాడంటే భార్యే నమ్మలేదు. మూడోరోజుకల్లా తిరిగి వస్తారని పందెం కట్టింది. మూడోరోజుకి ఆయన బస్సులో ఉన్నాడు, పక్కసీట్లోని ఒక నర్సమ్మ సంచీకి తెగిన పట్టీని పురికొసతో ముడి వేసిపెడుతూ. పదకొండేళ్ళలో ఇదే మొదటి సెలవట ఆవిడకి. వార్డు వాసన ఒంటి నుంచి పోయేదాకా తిరుగుతానంది. ముడి బిగిసే లోపు అన్నయ్య, చెల్లెమ్మ అయిపోయారు.

చివరి మలుపులో కొబ్బరిచెట్లు పక్కకి తప్పుకున్నాయి, సముద్రం కనిపించింది. ‘అపారమైన’ అనే మాటను ఆయన ఎన్నిసార్లు దిద్దాడో లెక్కలేదు. ఇప్పుడది కళ్ళెదురుగా ఉంటే ఆ మాట మరీ చిన్నదైపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. బస్సు ఆగిందని నర్సమ్మ భుజం తట్టి చెప్పాల్సి వచ్చింది.

దిగిన చోట మూడు గదులు, ముందు ఒక వరండా. వరండా నిండా వలలే. వాటిని బాగుచేసే ఆవిడే ఇంటి యజమానురాలు. వచ్చినవాళ్ళంతా అత్త అంటారు, వీళ్ళూ అదే అందుకున్నారు. స్తంభానికి ఒక పలక వేలాడుతూ ఉండేది. రోజూ సాయంత్రం అత్త దాని మీద మర్నాటి సముద్రం సంగతి రాస్తుంది. ఆ సాయంత్రం ‘పొటు 8’ అని రాసింది. అచ్చుతప్పు కంటపడితే ఊరుకునే ప్రాణం కాదు కదా, ఆయన సుద్దముక్క తీసుకుని ‘పొ’కి దీర్ఘం ఇచ్చి ‘పోటు’ చేశాడు. అత్త నవ్వి అక్షరాలబాబు అని పేరు పెట్టేసింది.

ఒడ్డుకి దూరంగా నీళ్ళలో ఒక రాతి తిప్ప ఉంది. వేల పక్షులు అక్కడే గుడ్లు పెడతాయట. నీళ్ళు తగ్గినప్పుడు తిప్ప దాకా ఇసుకదారి తేలుతుందని, ఆ కాసేపట్లోనే నడిచి వెళ్ళి వచ్చేయాలని అత్త చెప్పింది. నర్సమ్మకి ఇక నిద్ర పట్టలేదు.

పొద్దున్నే సంచీ వేసుకుని తయారైంది. అత్త అప్పటికే రేవుకు వెళ్ళిపోయింది. కొత్త బూట్లు మడమలు కొరికేయడంతో ఆయన అడుగు వేయలేక కూర్చున్నాడు. పలక చూసి నర్సమ్మ అడిగింది. "అన్నయ్యా, పోటంటే నీళ్ళు రావడమా, పోవడమా?"

ఆయనకి తెలియదు. ఆటుపోట్లు అనే జంటమాటను జీవితంలో వెయ్యిసార్లు దిద్ది ఉంటాడు కానీ, విడదీసి ఏది ఏదని ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా తడుముకోలేదు.

"పోటంటే పోయేది చెల్లెమ్మా. మాటలోనే ఉందిగా."

ఎనిమిది నుంచి నీళ్ళు పోతూనే ఉంటాయి కాబట్టి తొందరేం లేదని, తీరిగ్గా చూసి రమ్మని సలహా కూడా పారేశాడు. ఆవిడ వెళ్ళేసరికి ఇసుకదారి తెల్లగా, పొడిగా, ఎదురు చూస్తున్నట్టే ఉంది.

తొమ్మిది దాటాక అత్త వచ్చింది. ఆయన బొబ్బల కాళ్ళు ఉప్పునీళ్ళ తొట్టిలో పెట్టుకుని కూర్చున్నాడు. నర్సమ్మ ఏదని అడిగితే, పోటు మొదలైంది కదా, తిప్ప చూడటానికి వెళ్ళిందని ధీమాగా చెప్పాడు.

అత్త చేతిలో వల జారిపోయింది. "పోటంటే నీళ్ళు ఎక్కడం బాబూ. దిగేది ఆటు."

పడవలన్నీ వేటకి పోయాయి, మధ్యాహ్నం దాకా రావు. తిప్ప పైభాగం ఎప్పుడూ మునగదు, అక్కడే ఉంటే భయం లేదు, వెనక్కి బయల్దేరితేనే ప్రమాదం. అత్త ఇదంతా చెబుతున్నది ఆయన వీపుకే. తొట్టి తన్నేసి, ఒట్టికాళ్ళతో అప్పటికే వీధిలో పడ్డాడు.

ఇసుకదారి సగానికి సగం సన్నబడింది. రెండువైపుల నుంచీ నీళ్ళు చప్పుడు లేకుండా ఎక్కుతున్నాయి. అవతలి కొసన సంచీ నెత్తిన పెట్టుకుని నర్సమ్మ ఇటే వస్తోంది. వెనక్కి వెళ్ళమని ఆయన రెండు చేతులూ ఊపాడు. పలకరిస్తున్నాడనుకుని ఆవిడా సంతోషంగా చెయ్యి ఊపింది. గొంతు చించుకుని అరిచాడు. గాలి ఆ అరుపును ఒడ్డుకే తోసేసింది. ఆయనకి ఈత రాదు. ఈ క్షణం దాకా ఆ సంగతి గుర్తు లేదు, గుర్తొచ్చినా ఆగలేదు. మోకాలు, తొడలు, నడుము. కింద ఇసుక పాదాల నుంచి జారిపోతోంది. ఎలాగో ఆవిడ చెయ్యి దొరికింది.

"వెనక్కి!" అన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఇద్దరూ పడుతూ లేస్తూ రాళ్ళు పట్టుకుని తిప్పెక్కారు.

వాళ్ళు పైకి రాగానే పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. సూర్యుడు కనిపించలేదు. రెక్కల గాలికి తడిబట్టలు ఒంటికి అంటుకుపోయాయి. కింద, అటు సముద్రం ఇటు సముద్రం ఇసుకదారి మీద నెమ్మదిగా కలిశాయి. కాసేపటి క్రితం వాళ్ళు నిలబడిన చోట ఇప్పుడు పచ్చటి లోతు. ఎవరూ తోయడం లేదు, ఏ చప్పుడూ లేదు, అంత నీరూ తనంతట తానే లేస్తోంది. ఆయనకి ఒళ్ళు గగుర్పొడిచింది. భయమే, కానీ చూపు తిప్పుకోవాలనిపించని భయం. కాళ్ళ దగ్గర రాతి పగుల్లో ఒక గుడ్డు, ఆ ఎక్కే నీటికి జానెడు పైన, నిశ్చింతగా ఉంది. తల్లిపక్షి దిగి దానిమీద కూర్చుంది. నీళ్ళు ఎంతదాకా వస్తాయో దానికి తెలుసు.

ఆయనే ముందు అన్నాడు. "నాకు తెలియదు చెల్లెమ్మా. తెలియదని చెప్పడం చేతకాలేదు."

నర్సమ్మ తడిజుట్టు పిండుకుంది.

"మా వార్డులో తెలియదని అనలేని డాక్టరంటేనే నాకు భయం," అంది. "నువ్వు అన్నావు. ఈత రాకుండా వచ్చి మరీ అన్నావు."

మధ్యాహ్నం దాటాక అత్త పడవ ఎక్కించుకుని తీసుకెళ్ళింది. దారిపొడవునా తిట్టింది, ఇంటికెళ్ళి వేడి గంజి పెట్టింది.

ఆ సాయంత్రం పలక మీద మళ్ళీ ‘పొటు’ అనే రాసింది, ‘8 ముప్పావు’. రాసి, దిద్దమన్నట్టు సుద్దముక్క ఆయన చేతికిచ్చింది. ఆయన చాలాసేపు ఆ మాటను చూశాడు. తర్వాత దాని కింద వరసగా చుక్కలు పెట్టాడు.

"ఇవేంటి బాబూ?" అంది అత్త.

"అలాగే ఉంచమని, అత్తా," అన్నాడు. "ఇంతకీ ముప్పావు నుంచి నీళ్ళు ఎక్కుతాయా, దిగుతాయా? ఇంకోసారి చెప్పవా."