రచన: వరప్రసాద్

"ఆ లేతనీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి ఝాన్సీ. రేపు ఇంటర్వ్యూకి అదే వేసుకుంటాను" అన్నాడు వరప్రసాద్, పేపర్లోంచి తలెత్తకుండా.

ఝాన్సీ పాత దుప్పటి నాలుగు మడతలు వేసి నేల మీద పరిచింది. చొక్కా దాని మీద వేసి కాలరు మీద నీళ్ళు చిలకరించింది. రేపటి ఇంటర్వ్యూ ఆమె ఉద్యోగానికి. ఐదేళ్ళుగా చెప్పులరిగేలా తిరిగి ఆమె చేస్తున్న పనికి. ఆ సంగతి ఆ ఇంట్లో తెలియని వాళ్ళు లేరు. తెలిసీ, కరెంటు బిల్లు కట్టడానికి ఎవరు వెళితే ఏముంది అన్నంత తేలిగ్గా ఉన్నారు. పిలుపు కాగితం మీద ఆయన పేరుంది కాబట్టి ఆయన వెళతాడు. చొక్కా ఈమె ఇస్త్రీ చేస్తుంది. అంతా ఎంత సవ్యంగా కుదిరిందో!

ఇదెలా కుదిరిందో తెలియాలంటే ఆ స్టేషన్లో నడిచే పది రోజుల ఆచారం సంగతి ముందు చెప్పుకోవాలి. సర్కారు టీవీలో పర్మనెంటు వాళ్ళు కొందరే. మిగతా వాళ్ళంతా క్యాజువల్. క్యాజువల్ మనిషి పేరు మీద నెలకి పది రోజులకి మించి బుకింగ్ రాయరు. రాస్తే, మేమూ ఉద్యోగులమేనని రేపు కోర్టుకెక్కుతారని భయం. పనేమో పది రోజుల్లో తెమిలేది కాదు. అందుకని మిగతా రోజులకి ఇంకో పేరు రాయడం అక్కడ మామూలు. తమ్ముడిదో, మరదలిదో, ఇంటి ఓనరుదో. ఆ పేరు గలవాళ్ళు స్టేషన్ గేటు కూడా చూసి ఉండరు. రిజిస్టర్లో మాత్రం రోజూ హాజరే.

ఝాన్సీ గురువారం వచ్చే పల్లె మహిళల కార్యక్రమానికి స్క్రిప్టు రాసేది. రాయడం అని పేరేగాని ఊరు వెతకడం, మనుషుల్ని ఒప్పించడం, కెమెరా వాళ్ళకి టీలు అందించడం, ఎడిటింగులో కూర్చోవడం అన్నీ అందులోకే వచ్చేవి. వరప్రసాద్ ఉద్యోగం కొత్తూరులో ఒక కంపెనీలో కాబట్టి కాపురం శంషాబాద్‌లో పెట్టారు. ఆయనకి ఒక్క బస్సు. ఆమెకి రెండు. ఆరాంఘర్‌లో దిగి ఇంకోటి పట్టుకోవాలి. పొద్దున్నే వంట చేసి, పిల్లకి జడలు వేసి, అత్తగారికి కాఫీ ఇచ్చి బయలుదేరుతుంటే ఆవిడ రోజూ ఒకే మాట అనేది. "నెలకి పది రోజుల ఉద్యోగానికి ముప్ఫై రోజులు ముస్తాబెందుకమ్మాయ్?" ఆ మాటలో ఎగతాళి ఉన్నా నిజమూ ఉంది. ముప్ఫై రోజులు చాకిరీ చేయించుకుని పది రోజులే రాసేవాళ్ళని అడగాల్సిన ప్రశ్న అది. కొండమ్మగారు కోడల్ని అడిగేవారు.

ఆ ఏడాది ఉగాదికి కొత్త తెలుగు ఛానల్ వస్తుందని పేపర్లలో పడింది. ఇరవై నాలుగు గంటలూ తెలుగే. అచ్చంగా ప్రజల సొమ్ముతో, ప్రజల కోసం. స్టేషన్ గోడలకి సున్నం పడింది, గేటుకి కొత్త బోర్డు పడింది, పోస్టులు మాత్రం ఒక్కటీ పడలేదు. సినిమా పాటలకి స్పాన్సర్లు ఎగబడి వచ్చారు. కూలి పనికి పోయే ఆడవాళ్ళ మీద అరగంట కార్యక్రమానికి ఎవరొస్తారు?

"సబ్బుల కంపెనీని అడిగాను, ఎరువుల కంపెనీని అడిగాను" అన్నాడు ప్రొడ్యూసర్ మల్లేశ్వర్. "ఎవడూ పైసా విదల్చడమ్మా. మనమే ఎలాగో నెట్టుకురావాలి."

ఆ 'మనమే'లో ఆయనకి ఒకటో తారీఖు జీతం ఉంది. మిగిలిన మనం ఎవరో ఝాన్సీకి వెంటనే అర్థమయింది. తన పేరున పది రోజులూ పాత కార్యక్రమానికే సరిపోతున్నాయి కదా, కొత్త ఛానల్ పని ఎలా అని అడిగింది.

"మీవారి పేరు రాద్దాం. డబ్బు మీ ఇంటికేగా వచ్చేది!"

ఇంటికొచ్చి చెబితే వరప్రసాద్ నవ్వాడు. "సంతకం నువ్వే గీకెయ్. నాకు టైమెక్కడిది?" అప్పటికి కంపెనీ లాకౌటై నాలుగు నెలలు. ఆయన పొద్దున తొమ్మిదింటికి టీ హోటలుకి వెళితే మధ్యాహ్నం భోజనానికే వచ్చేది. అయినా టైం లేదు. ఉద్యోగం పోయిన మగాడి మనసు నొప్పించకూడదని అమ్మ దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరూ ఝాన్సీకి చెప్పారు. ఆ రోజునుంచీ రిజిస్టర్లో వరప్రసాద్ అని సంతకం చేస్తూ వచ్చింది. చెక్కు ఆయన పేరునే వచ్చేది, ఆయన ఖాతాలోనే పడేది. బస్సు పాసుకి ఆయన్ని అడిగి తీసుకునేది. ఆయన ఇచ్చేవాడు కూడా, "మళ్ళీనా?" అంటూ.

కొత్త ఛానల్లో మొదటి కార్యక్రమానికి తొండుపల్లి ద్రాక్ష తోటలు ఎంచుకుంది. పందిళ్ళ కింద చేతులు పైకెత్తి, మెడలు వెనక్కి విరిచి, పొద్దుగూకేదాకా గుత్తుల్లో కిక్కిరిసిన కాయలు కత్తిరించి పలచన చేసే ఆడవాళ్ళు. చిన్న కత్తెర, నెత్తికి గుడ్డ. వాళ్ళలో తారాబాయి అనే ఆమె బాగా మాట్లాడింది. కెమెరా సరిగ్గా పడలేదని, ఎండ మారిందని, అదే మాట మూడుసార్లు చెప్పించారు. మూడోసారి అయ్యాక తారాబాయి కత్తెర నడుంలో దోపుకుని అడిగింది.

"అక్కా, పొద్దుగాలసంది గిట్లనే నిలవెడితిరి. ఇయ్యాల్టి మా కూలి ఎవలిస్తరు? గీ టీవీకి పైసలెవరిస్తున్నరు?"

"గవర్నమెంటు... అంటే ప్రజలే" అంది ఝాన్సీ.

"గంటే మేమే గదా. మా కూలి పోగొట్టుకొని మేమే ఇయ్యాల్నా? మంచిగనే ఉంది."

ఝాన్సీ, మీ మొహాలు రాష్ట్రమంతా చూస్తుంది అని ఏదో సర్దిచెప్పి వచ్చేసింది. బస్సులో కూర్చున్నాక, ఆ సర్దిచెప్పిన గొంతు మల్లేశ్వర్ గొంతులా వినిపించి తనమీద తనకే అసహ్యం వేసింది. పైనుంచి కిందికి ఒకరి చాకిరీ ఇంకొకరు మింగుతూ వస్తున్నారు. మధ్యలో తనూ నోరు తెరిచింది.

ఉగాది సాయంత్రం ఇంట్లో టీవీ ముందు పది మంది చేరారు. మంత్రిగారు దీపం వెలిగించి, ఇది మీ సొమ్ము, మీ ఛానల్ అన్నారు. తర్వాత పాటలు, ఆ తర్వాత ద్రాక్ష తోటలు. తారాబాయి మెడ వెనక్కి విరిచి గుత్తి వంక చూసే దృశ్యానికి పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంది. చివర్లో అక్షరాలు పడ్డాయి. రచన: వరప్రసాద్.

బుకింగ్ కాగితం చూసి పేర్లు వేసే వాళ్ళకి అంతకంటే ఏం తెలుస్తుంది? ఝాన్సీ భర్త వైపు చూసింది. 'అరే, ఇది తప్పు, రాసింది ఈవిడ' అంటాడనుకుంది. ఆ ఒక్క మాట అని ఉంటే ఆమె అన్నీ మర్చిపోయేదే. అలా మర్చిపోవడం ఆమెకి బాగా అలవాటు. వరప్రసాద్ మొదట కంగారు పడ్డాడు. తర్వాత ఎదురింటాయన భుజం తట్టి, "మీలో ఇంత కళ ఉందని తెలీదండీ!" అనేసరికి, "ఏదో లెండి" అని సిగ్గుపడ్డాడు. కొండమ్మగారు అందరికీ బూరెలు పంచారు. ఆ బూరెలు వండింది కూడా ఝాన్సీయే.

తర్వాత రెండు నెలలకి పోస్టులు మంజూరయ్యాయి. ఛానల్ మొదలైన దగ్గర్నుంచి దాని పనికి తగినన్ని రోజులు బుక్కయిన వాళ్ళని ఇంటర్వ్యూ చేసి పర్మనెంటు చేస్తారట. ఝాన్సీ పేరున ఉన్నవన్నీ పాత కార్యక్రమం రోజులు. అవి చెల్లవు. పిలుపు వరప్రసాద్‌కి వచ్చింది.

"పోన్లే, మగాడి పేరున వచ్చింది, ఇంటికి పరువు" అన్నారు కొండమ్మగారు.

"నువ్వు రాసిస్తావు, నేను తీసుకెళ్ళి ఇస్తాను" అన్నాడు వరప్రసాద్. "ఇప్పుడు జరుగుతున్నదేగా! పైగా నీకు బస్సుల్లో పడి తిరిగే బాధ తప్పుతుంది. పిల్లని చూసుకుంటూ ఇంటిపట్టున రాసుకోవచ్చు." ఆయన ఆ మాట ప్రేమగానే అన్నాడు. అదే ఆమె కడుపు మండించింది. దొంగిలించేవాడు దొంగలా ఉంటే తిట్టొచ్చు, కేకలు వెయ్యొచ్చు. పళ్ళెంలో పెట్టి మేలు చేస్తున్నట్టు దొంగిలించేవాడిని ఏమనాలి?

మల్లేశ్వర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన తలుపు వేసి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పారంటే ముందు దొంగ సంతకమంటారు. ఆ పది రోజులూ ఊడతాయి. నా మీదకీ వస్తుంది. అయినా ఆయనేం పరాయివాడా అమ్మా? మీవారేగా!"

తిరిగొస్తూ శంషాబాద్‌లో బస్సు దిగింది. టమాటాల గంప పక్కన పెట్టుకుని తారాబాయి కూర్చుని ఉంది. చూడగానే లేచి నిలబడింది.

"టీవీల మమ్మల్ని చూసినమక్కా! మా బిడ్డ అక్షరాలన్నీ చదివింది. నీ పేరు రాలే. గా వరప్రసాదెవరు?"

"మా ఆయన."

"గా దినం తోటల లేకుండె గదా. ఆయనేం జేసిండు?"

ఝాన్సీ నోరు తెరిచింది. ఏం చేశాడు? ఖాతా తెరిచాడు. భుజం తట్టించుకున్నాడు. తారాబాయి రెట్టించలేదు. జాలిగా చూసి, వద్దంటున్నా నాలుగు టమాటాలు సంచిలో వేసింది. కూలి పోగొట్టుకున్న మనిషి ముందు ఝాన్సీ తలెత్తుకోలేకపోయింది. ఈమెకి న్యాయం చేయలేకపోయింది సరే, ఆ తోటకి ఆయన వచ్చాడని అబద్ధం కూడా చెప్పాలా?

అది నిన్నటి మాట. ఇవాళ చొక్కా ఇస్త్రీ అయింది. వరప్రసాద్ పేపరు మడిచి, కాగితం కలం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ ద్రాక్ష తోటలదేగా మొదటిది? ఎక్కడ తీశావు? తీశాను అని చెప్పాలిగా... ఎక్కడ తీశాను?"

"తొండుపల్లి."

"ఆ ఆడాళ్ళు ఏం చేస్తుంటారు, కోస్తుంటారా?"

"కొయ్యరు. కాయలు పలచన చేస్తారు. గాలి ఆడాలని."

"సరే, కోస్తారనే అంటాలే. వాళ్ళకేం తెలుస్తుంది?" అని రాసుకున్నాడు.

ఝాన్సీ అరగంటసేపు అడిగినవన్నీ చెప్పింది. ఒక్కదానికి కూడా అబద్ధం చెప్పలేదు. ఆయన పరీక్ష తప్పడం ఆమెకి అక్కర్లేదు. ఆయన తప్పితే ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది గాని తన దగ్గరికి రాదు. తెల్లవారాక తనూ వెంట వస్తానంది. "మంచిదే, ఏదైనా మర్చిపోతే బయట నుంచి అందిస్తావు" అన్నాడాయన.

స్టేషన్ వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆమె ఒళ్ళో కొత్త ఛానల్ స్క్రిప్టుల ఫైలు ఉంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఆమె చేతిరాతే. గేటు దగ్గర వాచ్‌మన్ శివయ్య అలవాటుగా ఆమెకే నమస్కారం పెట్టాడు. వరప్రసాద్ ప్రతినమస్కారం చేశాడు. ఝాన్సీకి ఉన్న పది రోజులూ పోవచ్చు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇప్పుడున్న ఆధారం అదొక్కటే. పిల్ల స్కూలు తెరిచే రోజులు. అత్తగారు ఏమంటారో మాటకి మాట ఇప్పుడే వినిపిస్తోంది. భయంగా ఉంది, నిజంగానే భయంగా ఉంది. కానీ ఈ పూట ఊరుకుంటే ఇక బతికినన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని వరప్రసాద్ పేరుతో రాస్తూ ఉండాలి. ఆ ఆలోచనకి వచ్చిన కోపం భయం కంటే పెద్దదిగా ఉంది.

ప్యూను తలుపు తీసి, "వరప్రసాద్!" అని కేకేశాడు.

ఆయన లేచి, "ఫైలు ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు.

"మీరు కూర్చోండి" అంది ఝాన్సీ.

ఆయనకి అర్థమయ్యేలోపలే ఆమె లోపలికి వెళ్ళిపోయింది. బల్ల వెనక నలుగురున్నారు. చివర కూర్చున్న మల్లేశ్వర్ మొహం పాలిపోయింది. మధ్యలో ఉన్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"వరప్రసాద్ అని పిలిచామమ్మా."

"ఆ పేరుతో ఇన్నాళ్ళూ పని చేసింది నేను సార్. రిజిస్టర్లో సంతకాలూ నేను పెట్టినవే." ఫైలు బల్ల మీద పెట్టింది. కూర్చోమని ఎవరూ అనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ పని గురించి ఏం అడుగుతారో అడగండి, చెబుతాను."

"పరాయి పేరుతో సంతకం చెయ్యడం నేరం, తెలుసా? చర్య తీసుకోవలసి వస్తుంది."

"తెలుసు. తీసుకోండి సార్" అంది. "ఆ చర్య కాగితం మీదన్నా ఝాన్సీ అని నా పేరు రాయండి."