తెల్లబడ్డ బూజు

పెద్దకోడలి ఉద్యోగం బూజు పెంచడం. ఇంట్లో బూజు దులిపే ఓపిక లేదు గానీ, ల్యాబులో మాత్రం దాన్ని పసిబిడ్డలా సాకుతుంది. పెంచి, ఎండబెట్టి, నూరి, సారం తీసి సీసాల్లో పోస్తుంది. అలర్జీ డాక్టర్లు ఆ చుక్కను చేతిమీద వేసి సూదితో గుచ్చుతారు. దద్దు తేలితే ఆ బూజు ఒంటికి పడదన్నమాట.

చిన్నకోడలికి వెనక గది ఇచ్చారు. గోడంతా చెమ్మ. దగ్గీ దగ్గీ సొమ్మసిల్లి, ముందు గదిలోకి మారతానంది. ముందు గది పెద్దకోడలిదాయె!

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలా? పద, పరీక్ష చేయిద్దాం" అని పెద్దకోడలే తీసుకెళ్లింది. దద్దు తేలలేదు. "నా సీసా అబద్ధం చెప్పదు" అంది ఇంటికొచ్చి, అందరి ముందూ. అత్తగారు మూతి తిప్పారు. చిన్నకోడలు వెనక గదిలోకి వెళ్లిపోయింది.

వానలు వెలిశాక ఒకరోజు ల్యాబులో పెద్దమేడమ్ గాజు పళ్లెం చూసి, "ఇదేంటమ్మా, దూదిలా తెల్లగా ఉంది? ఈ బూజు నల్లగా కదా ఉండాలి?" అంది.

పెద్దకోడలు గబుక్కున పళ్లెం మీద మూత పెట్టేసింది. ప్రతి విడతకూ ఫ్రీజరులో అసలు బూజు దాచిన తల్లి గొట్టం నుంచే కొత్తగా నాటాలి. అది మొండిగా, ఆలస్యంగా మొలుస్తుందని, ఈవిడ పెరిగిన పళ్లెంలోంచే మళ్లీ మళ్లీ నాటుతూ వచ్చింది. అలా నాటగా నాటగా బూజు నలుపునూ సారాన్నీ పోగొట్టుకుని ఒళ్లు మాత్రం పెంచింది. కొత్త సీసా బలాన్ని పాత సీసాతో పోల్చే పని కూడా, "ఎప్పుడూ సరిపోతూనే ఉందిగా" అని ఎగ్గొట్టింది. మేడమ్ పోల్చి చూస్తే ఏముంది, దాదాపు నీళ్లే.

సీసాలన్నీ వెనక్కి తెప్పించారు. మేడమ్ తిట్లు ఆమె చెవికెక్కలేదు. ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక సిగ్గుతో చితికిపోయింది.

అయినా భోజనాల దగ్గర, అందరి ముందే చెప్పేసింది. "తప్పు నాదే. నా సీసాలో బలం లేదు. ఆ పరీక్ష చెల్లదు. నువ్వు రేపే ముందు గదిలోకి వచ్చెయ్."

చిన్నకోడలి మొహంలో కోపమన్నా లేదు. ఉంటే బాగుండేది.

"సీసా సంగతి నాకేం తెలుసక్కా? మన గదుల మధ్య ఉన్నది ఒక్క గోడే కదా. నా దగ్గు నీకు రోజూ వినబడేది కాదూ?"

వినబడేది. పెద్దకోడలు చెవిమీద తలగడ పెట్టుకుని పడుకునేది.