అత్తగారు నొక్కిన జవాబులు

ట్యాక్సీ నడిపే ఆ కోడలికి అంబులెన్స్ మీద ఉద్యోగం కావాలి. ట్యాక్సీకి వేళాపాళా ఉండదు. అంబులెన్స్‌కైతే షిఫ్టులుంటాయి, కూతుర్ని రోజూ తనే బడికి పంపుకోవచ్చు. బండి తోలడంలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. గండమల్లా డ్రైవింగ్ పరీక్షకు ముందు ఫోన్లో నింపి పంపమన్న ప్రశ్నలతోనే వచ్చింది. మీరెలాంటి మనిషి అని అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగే ప్రశ్నలవి.

మొదటి సగం తనే నొక్కింది. ఇంతలో జ్వరంతో ఉన్న కూతురు మూలిగితే, ఫోను అత్తగారి చేతిలో పెట్టి, నా సంగతి మీకు తెలియనిదా, మిగిలినవి మీరే నొక్కేయండి అని లేచి వెళ్లింది. ఆ ఇంట్లో పనులన్నీ అంతే, కూర ఒకరు పొయ్యి మీద పెడితే ఇంకొకరు దింపుతారు. అత్తగారు కళ్లజోడు సర్దుకుని, ఉన్నది ఉన్నట్టు నొక్కింది.

ఆ వారంలోనే అంబులెన్స్ ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. జవాబులు సరిచూసే మేడమ్ తెర ఇటు తిప్పింది.

"మీకు కోపమే రాదన్నారు. కిందికొచ్చేసరికి చిన్న విషయానికే గిన్నెలు విసిరేస్తానన్నారు. ఒకే సంగతి రెండు రకాలుగా అడుగుతాం. చదవకుండా నొక్కేవాళ్లు అక్కడే దొరికిపోతారు. మీవి ఇలాంటివి చాలా ఉన్నాయి."

కోడలు రెండు దారులూ ఆలోచించింది. చదవకుండా నొక్కానంటే రోగుల్ని చేతికివ్వరు. వేరేవాళ్లు నొక్కారంటే మోసమంటారు. ఏ మాట వచ్చినా ఉద్యోగం పోయేలాగే ఉంది.

"పై సగం నేనండీ," అంది చివరికి. "కింది సగం మా అత్తగారు."

మేడమ్ నవ్వలేదు. మరి గిన్నెలు విసిరేది ఎవరని అడిగింది.

"నేనే. ఇంట్లోనే. బండిలో ఎప్పుడూ అరవను కూడా."

మేడమ్ పాత జవాబులు కొట్టేసి, అక్కడే కూర్చుని ఒక్కరే మళ్లీ నింపమంది. ఇదీ తేడా వస్తే ఈ ఏడాదికి ఇంక పిలిచేది లేదని కూడా చెప్పింది. కోపం గురించిన ప్రశ్న రాగానే కోడలి వేలు ఆగిపోయింది. రాదంటే మళ్లీ దొరికిపోతుంది, వస్తుందంటే వద్దంటారేమో. చివరికి 'వస్తుంది' నొక్కింది. ఆ తర్వాత ప్రతి ప్రశ్నా ఉచ్చులాగే కనిపించింది.

మేడమ్ జవాబులన్నీ పైనుంచి కిందిదాకా సరిచూసింది.

"ఈసారి ఒక్క మనిషే కనిపిస్తోంది," అంది. "సోమవారం బండి పరీక్షకు రండి."

ఆఫీసు వరండాలో, తోడొచ్చిన అత్తగారు కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది. నా మూలంగానే పోయిందా అని అడిగింది.

"లేదత్తయ్యా. మీరు నొక్కినవే నేనూ నొక్కొచ్చాను."

"ఎవరో అడిగితే ఒప్పుకున్నావు. ఇన్నేళ్లుగా నీకు కోపమెక్కువని నేనంటే ఒక్కసారీ ఒప్పుకోలేదేం?" అంది ఆవిడ.